డిసెంబరులో మూడో తరగతి

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ దాటిందంటే, క్రిస్మస్ సెలవుల దాకా బడికి మిగిలేవి మూడు నాలుగు వారాలే. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఉండే తెలుగు ఇళ్లలో ఏటా ఈ వారాల మీదే చర్చ నడుస్తుంది. బడికి సెలవులిచ్చే శుక్రవారం రాత్రికి హైదరాబాదు టికెట్ చూస్తే ధర ఆకాశాన్నంటుతుంది. వారం ముందుకు జరిపితే ఎంతో కొంత దిగుతుంది. నలుగురున్న ఇంటికి ఆ తేడా చిన్నదేమీ కాదు. అప్పుడు ఎవరో ఒకరు అనేస్తారు: "మూడో తరగతేగా! సెలవుల ముందు వాళ్లేం చదువు చెబుతారు? కాగితాలు కత్తిరిస్తారు, బొమ్మలకు రంగులేస్తారు, పైజమాలు వేసుకుని సినిమా చూస్తారు. వారం పోతే ఏం పోయింది?"

ఆ మాట అన్నవాళ్లకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదని అనుకోకూడదు. ఎక్కాలు అప్పజెప్పి, నోట్సు దిద్దించుకుని, యూనిట్ టెస్టులు రాసి పెరిగినవాళ్లకు చదువు అనగానే కళ్లముందు కదిలే రూపం వేరు. కత్తెర, గమ్ము, రంగుల కాగితం ఆ రూపంలో ఇమడవు. అందుకే ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు తరగతి గదిలోకి వెళ్లి, అక్కడ వారం పొడుగునా ఏం జరుగుతుందో ఓపిగ్గా చూడాలి.

ముందు మూడో తరగతి సంగతి. అక్కడి థర్డ్ గ్రేడ్ పిల్లలకు ఎనిమిదేళ్లు, ఏడాది ముగిసేసరికి తొమ్మిది. చదువుకునే తీరులో పెద్ద మలుపు ఈ వయసు పక్కనే ఉందని హార్వర్డ్‌లో పనిచేసిన జీన్ చాల్ 1983లో వచ్చిన పుస్తకంలో వివరించారు. మొదటి మూడు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు, నాలుగు నుంచి చదివి నేర్చుకుంటారు అన్నది ఆవిడ చెప్పినదాని సారాంశం. కూడబలుక్కుని చదివే దశలోనే ఆగిపోయిన పిల్లకు నాలుగో తరగతిలో సైన్సు పాఠం, సోషల్ పాఠం, మాటల్లో ఇచ్చే లెక్క అన్నీ ఒకేసారి కష్టమైపోతాయి. మూడో తరగతి ముగిసేనాటికి సరిగా చదవలేని పిల్లలు హైస్కూలు పూర్తి చేయకుండా మిగిలిపోయే అవకాశం, చక్కగా చదివేవాళ్లతో పోలిస్తే నాలుగింతలని 2011లో డొనాల్డ్ హెర్నాండెజ్ అనే సామాజిక శాస్త్రవేత్త అధ్యయనం తేల్చింది.

ప్రభుత్వాలు కూడా ఈ తరగతి దగ్గరే గీత గీశాయి. 2002లో అమల్లోకి వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం మూడు నుంచి ఎనిమిది దాకా ప్రతి తరగతికీ ఏటా రీడింగులోనూ లెక్కల్లోనూ పరీక్ష పెట్టాలంది. దాని స్థానంలో 2015లో వచ్చిన చట్టం కూడా ఆ పరీక్షల్ని ఉంచింది. టెక్సస్ పిల్లలు 'స్టార్' పరీక్ష మొదటిసారి రాసేది మూడో తరగతిలోనే. మిసిసిపీ రాష్ట్రం 2013లో ఇంకా గట్టి నిర్ణయం తీసుకుంది. మూడో తరగతి చివర కనీస స్థాయిలో చదవలేని పిల్లల్ని, కొన్ని మినహాయింపులు పోగా, నాలుగుకు పంపకూడదని చట్టం చేసింది. దాంతోపాటు టీచర్లకు శిక్షణ ఇచ్చి, వెనకబడిన బడులకు రీడింగ్ కోచ్‌లను పంపింది. నాలుగో తరగతి రీడింగులో 2013లో దేశంలో దాదాపు అట్టడుగున ఉన్న ఆ రాష్ట్రం 2024 జాతీయ పరీక్షలో మొదటి పదింటిలో నిలిచింది.

మన దగ్గరా ఇదే గీత. 2021 జులై 5న మొదలైన 'నిపుణ్ భారత్' పథకం లక్ష్యం మూడో తరగతి చివరికల్లా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్క చేయడం రావాలన్నదే. 2024 డిసెంబరు 4న దేశమంతటా జరిగిన 'పరఖ్' సర్వే పరీక్షకు కూర్చోబెట్టింది మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లల్ని. గ్రామాల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతమైతే, 2024కి 23.4 శాతానికి చేరారని అసర్ నివేదిక చెప్పింది. పెరుగుదల సంతోషించదగ్గదే. కానీ ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా గీతకు ఇవతలే ఉన్నారు. ఇంతటి బరువున్న తరగతిలో, సరిగ్గా ఏడాది మధ్యలో పడే వారాలు డిసెంబరు వారాలు.

ఇక ఆ వారంలోకి.

సోమవారం పొద్దున పిల్లలు చాపమీద గుండ్రంగా కూర్చుంటారు. శని, ఆదివారాల్లో ఏం చేశారో ఒకరొకరే చెబుతారు. తర్వాత ఆ వారం స్పెల్లింగ్ మాటల జాబితా చేతికొస్తుంది. శుక్రవారం దానిమీద చిన్న పరీక్ష. తెలుగు తల్లిదండ్రులకు ఈ జాబితా అంటే ప్రాణం. కారణం అందరికీ తెలిసిందే: స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లల వరుసలో 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ వంటి తెలుగు పేర్లున్నాయి. బృహత్ చివరి పోటీలో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగ్ చెప్పి గెలిచాడు. చాలా బడుల్లో తొలి మెట్టు పోటీలు చలికాలంలోనే జరుగుతాయి కాబట్టి డిసెంబరు ఇళ్లలో ఆ సందడి కూడా ఉంటుంది.

అయితే తరగతిలో ఆ మాటలు జాబితాలోనే ఉండిపోవు. మంగళవారమో బుధవారమో ఉత్తరంలోకి దిగుతాయి. ఉత్తరం రాయడం థర్డ్ గ్రేడ్ డిసెంబరులో ముఖ్యమైన పని. పైన తేదీ, పలకరింపు, మధ్యలో చెప్పదలచింది, చివర సెలవు పుచ్చుకునే మాట, సంతకం. కొందరు పిల్లలు వృద్ధాశ్రమంలో ఉండే తాతలకు రాస్తారు, కొందరు దూరాన ఉన్న సైనికులకు, చాలామంది శాంటా క్లాజ్‌కు. శాంటా పేరున వచ్చే ఉత్తరాలను తెరిచి జవాబివ్వడానికి అమెరికా తపాలా శాఖ 1912లోనే అనుమతి ఇచ్చింది. ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది.

ఎనిమిదేళ్ల పిల్ల రాసిన ఉత్తరానికి ఎంత బలముంటుందో ఆ దేశ చరిత్రలోనే ఉంది. 1897లో న్యూయార్క్ నగరంలో వర్జీనియా ఓహాన్లన్ అనే ఎనిమిదేళ్ల అమ్మాయి, శాంటా క్లాజ్ ఉన్నాడా లేడా చెప్పమని 'ది సన్' పత్రికకు రాసింది. సంపాదకవర్గంలోని ఫ్రాన్సిస్ చర్చ్ సెప్టెంబరు 21న సంపాదకీయంలోనే ఆ చిన్నపిల్లకు జవాబిచ్చాడు. ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువసార్లు పునర్ముద్రణ పొందిన సంపాదకీయంగా దానికి పేరు. ఆ అమ్మాయి పెరిగి పెద్దదై న్యూయార్క్ బడుల్లోనే టీచరుగా, ప్రిన్సిపాలుగా దశాబ్దాలు పనిచేసింది. తన మాటను ఒక పెద్ద మనిషి మర్యాదగా తీసుకున్నాడన్న జ్ఞాపకం బిడ్డకు ఎంత చేయగలదో ఊహించుకోవచ్చు. మూడో తరగతి టీచర్ ఉత్తరాలు రాయించి పోస్టు చేయించడం వెనక ఉన్న తెలివి అదే. టీచర్ దిద్ది మార్కులేసే వ్యాసానికీ, ఎవరో తెరిచి చదివే ఉత్తరానికీ తేడా పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. చదివే మనిషి ఉన్నాడనగానే అక్షరం కుదురుగా పడుతుంది, స్పెల్లింగ్ కోసం తామే వెతుక్కుంటారు.

అక్షరం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. 2010లో చాలా రాష్ట్రాలు తీసుకున్న 'కామన్ కోర్' ప్రమాణాల్లో కలిపిరాత లేదు. కీబోర్డు చాలనుకున్నారు. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమే మనసు మార్చుకుంది. కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టంతో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా కలిపిరాత నేర్పాల్సిందే. టెక్సస్‌లో మూడో తరగతి పిల్లలు మాటలూ వాక్యాలూ కలిపి రాయగలగాలి. అందుకని డిసెంబరు ఉత్తరం కింద పెట్టే సంతకం చాలామందికి జీవితంలో మొదటి కలిపిరాత సంతకం.

బుధవారం లెక్కలు. ఇక్కడ తెలుగు నాన్నలకు ఓపిక తగ్గుతుంది. "ఏడెనిమిదులు యాభైయారు అని ఒక్క ముక్కలో చెప్పకుండా, ఈ గళ్లేమిటి, ఈ చుక్కలేమిటి?" అని హోంవర్క్ కాగితం తిప్పి తిప్పి చూస్తారు. వాళ్ల అసహనంలో న్యాయం లేకపోలేదు. మూడో తరగతి చివరికి ఒంటి అంకెల గుణకారాలన్నీ నోటికి రావాలని కామన్ కోర్ కూడా అంటుంది. పది పదుల దాకా తడుముకోకుండా చెప్పాలని టెక్సస్ ప్రమాణాలూ అంటాయి. తేడా అంతా వరుసలో ఉంది. వాళ్లు ముందు చూపిస్తారు, తర్వాత కంఠస్థం చేయిస్తారు. ఏడు వరసల్లో ఎనిమిదేసి చుక్కలు పెట్టి, మధ్యలో గీత గీసి, ఏడైదులు ముప్పై అయిదు ఒకవైపు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి ఇంకోవైపు చేస్తారు. రెండూ కలిపితే యాభైయారు. ఎక్కం మరిచిపోయిన రోజున కూడా జవాబు చేరే దారి ఒకటి పిల్ల దగ్గర ఉంటుంది.

డిసెంబరులో ఆ చుక్కలు కుకీలవుతాయి. ట్రేలో నాలుగు వరసలు, వరసకు ఆరు. తరగతిలో ఇరవై ఇద్దరుంటే మిగిలేవెన్ని? పన్నెండు కుకీలకు పిండి ముప్పావు కప్పు కావాలి, చేతిలో ఉన్నది పావు కప్పు కొలత, ఎన్నిసార్లు పోయాలి? భిన్నాలు గట్టిగా పట్టుకునే తరగతి ఇదే. రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది హారాలతో ఆపమని ప్రమాణాలు చెబుతాయి. కొలత కప్పుల మీద కనిపించేవీ ఎక్కువగా ఇలాంటివే. కాగితం మీద మూడు బై నాలుగు అని రాసినప్పుడు తికమకపడిన పిల్ల, పావు కప్పు మూడుసార్లు పోసి ముప్పావు గీత దాకా వచ్చిన పిండిని చూస్తే మళ్లీ తికమకపడదు.

గురువారం సైన్సు. కత్తెరలు బయటికొచ్చే రోజు కూడా ఇదే కావచ్చు. బయటివాళ్ల కంట పడేది ఈ కాగితం మంచుపువ్వులే. కిటికీలకు అతికిస్తారు, సీలింగ్ నుంచి వేలాడదీస్తారు. హ్యూస్టన్‌లాంటి చోట బయట పిల్లలు పొట్టి చేతుల చొక్కాల్లో తిరుగుతుంటే లోపల కాగితం మంచు కురుస్తుంటుంది. చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు. అందులో ఉన్న పాఠం ఎంత లోతైనదో చెప్పాలంటే వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లాలి.

జెరికో అనే పల్లెలో 1865లో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు విల్సన్ బెంట్లీ. తల్లి అంతకుముందు బడిపంతులమ్మ. కొడుక్కి చాలా ఏళ్లు ఇంట్లోనే చదువు చెప్పింది. పదిహేనేళ్లప్పుడు అతనికి ఆవిడ దగ్గర్నుంచి ఒక మైక్రోస్కోపు దొరికింది. దాని కింద మంచు రవ్వ పెట్టి చూసిన పిల్లాడు ఇక వదల్లేదు. ముందు చేత్తో గీయబోయాడు, గీసేలోగా కరిగిపోయేది. తర్వాత మైక్రోస్కోపుకు కెమెరా బిగించి, 1885 జనవరి 15న మొదటిసారి ఒక్క మంచు రవ్వను ఫొటో తీయగలిగాడు. జీవితమంతా వ్యవసాయం చేసుకుంటూనే అయిదు వేలకు పైగా ఫొటోలు తీశాడు. రెండు వేల పైచిలుకు బొమ్మలతో 1931లో పుస్తకం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 23న, మంచు తుపానులో నడిచి ఇల్లు చేరాక పట్టుకున్న న్యుమోనియాతో కన్నుమూశాడు. అతని కథను పిల్లలకు చెప్పిన 'స్నోఫ్లేక్ బెంట్లీ' బొమ్మల పుస్తకానికి 1999లో కాల్డెకాట్ పతకం దక్కింది. అమెరికా ప్రాథమిక బడుల్లో డిసెంబరు, జనవరి నెలల్లో టీచర్లు పైకి చదివి వినిపించే పుస్తకాల్లో అది ఒకటి.

పుస్తకం విన్నాక పిల్లలు కాగితం మడుస్తారు. చతురస్రాన్ని మధ్యకు, మళ్లీ మధ్యకు, ఇంకోసారి మూలకు మడిచి కత్తిరిస్తే ఎనిమిది కొమ్మల పువ్వు వస్తుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది. "బెంట్లీ ఫొటోలో కొమ్మలు లెక్కపెట్టండి" అంటుంది టీచర్. ఆరు. ఇంకో ఫొటో, మళ్లీ ఆరు. తామెందుకు ఎనిమిది చేశారు? ఇక్కడ గది ఒక్కసారిగా చురుకెక్కుతుంది. సగానికి సగం మడుస్తూపోతే రెండు, నాలుగు, ఎనిమిదే వస్తాయి. ఆరు కావాలంటే ఎక్కడో ఒకచోట మూడు భాగాలు చేయక తప్పదు. గుండ్రటి కాగితాన్ని సగం చేసి, ఆ సగాన్ని మూడు సమాన మడతలుగా మడవాలి. మూడో వంతు, ఆరో వంతు, రెండు మూళ్లు ఆరు, మూడు రెళ్లు ఆరు... నిన్నటి భిన్నాలూ గుణకారాలూ కత్తెర చేతిలో ఉండగానే గుర్తుకొస్తాయి. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరు మూలల అల్లికలో కుదురుకుంటాయి కాబట్టే మంచు రవ్వకు ఆరు కొమ్మలని టీచర్ చెబుతుంది. ఇదే ప్రశ్న గ్రహాల కక్ష్యల ఆకారం కనిపెట్టిన కెప్లర్‌ను కూడా వేధించింది. 1611లో కొత్త సంవత్సరం కానుకగా తన ఆశ్రయదాతకు ఆరు మూలల మంచు రవ్వ మీద ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. కెప్లర్‌ను వేధించిన ప్రశ్నను ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో కాగితంతో అడగగలుగుతున్నదంటే ఆ గంటను ఆటవిడుపు అనడం న్యాయం కాదు.

ఈ పాఠానికి తెలుగు వాకిలి నుంచి నేరుగా దారి ఉంది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. అక్కడ పిల్లలు మంచుపువ్వులు కత్తిరిస్తున్న రోజుల్లోనే ఇక్కడ అమ్మమ్మలు వాకిళ్లలో చుక్కలు పెడుతుంటారు. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు. మధ్య వరసలో ఏడు, దానికి అటూ ఇటూ ఆరు, అయిదు, నాలుగు. మొత్తం లెక్కపెడితే ముప్పై ఏడు. అంచులు కలిపితే ఆరు భుజాలు, ప్రతి భుజం మీదా నాలుగు చుక్కలు. బెంట్లీ మంచు రవ్వకూ ఈ ముగ్గుకూ రూపం ఒక్కటే. వరస చుక్కలతో వేసే ముగ్గు అయితే గుణకారం పాఠంలోని చుక్కల వరసలే. డిసెంబరులో చాలామంది టీచర్లు తల్లిదండ్రుల్ని తరగతికి వచ్చి తమ పండగ గురించి చెప్పమని పిలుస్తారు. తెలుగు తల్లి ఒక నల్ల కాగితం, తెల్ల సుద్దముక్క తీసుకెళ్లి ఈ ముగ్గు వేసి చూపిస్తే చాలు. పండగ గురించి చెప్పినట్టూ ఉంటుంది, లెక్కల పాఠానికి సాయం చేసినట్టూ ఉంటుంది. తన అమ్మ గీతల్లో తరగతి పాఠం దొరికిన పిల్ల ఆ రోజు తలెత్తుకుని కూర్చుంటుంది.

పండగల మాట సున్నితమైనది కాబట్టి అక్కడి బడులు జాగ్రత్తగా నడుచుకుంటాయి. 1963లో అబింగ్టన్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడిలో భక్తిపూర్వకంగా బైబిలు చదివించడం రాజ్యాంగ విరుద్ధమంది. మతాల గురించి చదువులో భాగంగా తెలుసుకోవడానికి అడ్డు లేదని కూడా అదే తీర్పులో చెప్పింది. ఆ గీతకు లోబడే టీచర్లు 'ప్రపంచమంతటా పండగలు' అనే పాఠం నడుపుతారు. పిల్లలకు కాగితంతో పాస్‌పోర్టు కుట్టిస్తారు. ఒక్కో బల్ల ఒక్కో దేశం. స్వీడన్ బల్ల దగ్గర డిసెంబరు 13 నాటి లూసియా దీపాలు, మెక్సికో బల్ల దగ్గర పోసాదాస్, ఇంకోచోట యూదుల హనుకా, మరోచోట ఆఫ్రికన్ అమెరికన్లలో 1966లో మొదలైన క్వాన్జా. ప్రతి బల్ల దగ్గరా పటంలో దేశం గుర్తించి, పేరా చదివి, రెండు వాక్యాలు రాస్తే ముద్ర పడుతుంది. ముద్ర కోసం పిల్లలు చదివే పేరాలు లెక్కవేస్తే మామూలు వారం పాఠం కన్నా ఎక్కువే తేలుతాయి.

అదే వారంలో వాతావరణం పట్టిక కూడా గోడమీద నిండుతుంటుంది. ఒక రుతువులో వాతావరణం ఎలా ఉంటుందో పట్టికలు, గ్రాఫులతో చూపడం, ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ తేడా చెప్పడం చాలా రాష్ట్రాల్లో మూడో తరగతి సైన్సులో ఉన్నవే. రోజూ ఉష్ణోగ్రత చూసి గళ్లు నింపుతారు. తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యముంది: ఫోను చేస్తే పలికే అమ్మమ్మ. హైదరాబాదులో పొద్దున స్వెట్టరు వేసుకుని, మధ్యాహ్నానికి ఫ్యాను వేసుకునే చలికాలం గురించి, అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో సున్నా దగ్గరికి దిగే తెల్లవారుజాముల గురించి ఆవిడ చెబుతుంది. పిల్ల దాన్ని తరగతికి మోసుకెళుతుంది. డిసెంబరు అంటే ప్రపంచమంతా మంచు కాదని పక్క పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా. డిసెంబరు 9 కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పుట్టినరోజు. ఆ పరిసరాల్లో వచ్చే కంప్యూటర్ సైన్స్ వారంలో, 2013లో మొదలైన 'అవర్ ఆఫ్ కోడ్' తరహాలో పిల్లలు ఒక గంట కోడింగ్ రుచి చూస్తారు. బిస్కట్లతో ఇల్లు కట్టి, కప్పు జారిపోతుంటే గోడను ఎటు ఒరిగిస్తే నిలుస్తుందో కనుక్కుంటారు. బలాలు సమంగా ఉంటే నిలిచి ఉన్న వస్తువు కదలదన్నది మూడో తరగతి పాఠమే. అలర్జీలున్న పిల్లల కోసం బిస్కట్లకు బదులు అట్టముక్కలు వాడే బడులూ ఉన్నాయి.

శుక్రవారం స్పెల్లింగ్ పరీక్ష, లైబ్రరీ, ఆపైన పార్టీ. తెలుగు తల్లిదండ్రులు వెక్కిరింపుగా చెప్పే పైజమా రోజు అదే. లైట్లు తగ్గించి, టార్చి వెలుగులో నచ్చిన పుస్తకం పట్టుకుని ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చుని చదువుకోవడం ఆ రోజు చాలా తరగతుల్లో కనిపించే ముచ్చట. 2024లో అమెరికా నాలుగో తరగతి పిల్లల్లో రీడింగులో ప్రవీణుల స్థాయి అందుకున్నది 31 శాతమే. అలాంటి దేశంలో పాతికమంది పిల్లలు తమంతట తాము అరగంట పుస్తకంలో మునిగిపోవడం కన్నా టీచర్ కోరుకునేది ఏముంటుంది? పుస్తకమంటే సుఖం అన్న భావన ఒంటికి పట్టాలంటే అలాంటి అరగంటలు కావాలి.

సెలవులు దగ్గరపడేకొద్దీ అందరు పిల్లలూ ఒకేలా ఉండరన్నది కూడా చెప్పాలి. కొందరు గంతులేస్తారు. కొందరు ముభావంగా అయిపోతారు, చీటికిమాటికి ఏడుస్తారు, టీచర్ వెంటే తిరుగుతారు. 1946 నాటి చట్టంతో మొదలైన బడి భోజన పథకం కింద రోజూ సుమారు మూడు కోట్లమంది అమెరికా పిల్లలు తింటారు. అందులో చాలామందికి అది ఉచితం. రెండు వారాల సెలవంటే ఆ ఇళ్లలో రెండు వారాల మధ్యాహ్న భోజనం తల్లిదండ్రుల మీద పడుతుంది. అందుకే ఎన్నో బడులు చివరి రోజున తిండి సరుకులు సంచీలో సర్ది ఇంటికి పంపుతాయి. రోజూ ఒకే సమయానికి గంట, ఒకే చోట కుర్చీ, పేరుపెట్టి పలకరించే పెద్దమనిషి ఉన్న ఒకే ఒక్క చోటు కొందరు పిల్లలకు బడే. డిసెంబరులో టీచర్లు రోజువారీ పద్ధతిని పట్టుదలగా చివరి గంట దాకా నడిపేది వాళ్లకోసం కూడా.

ఇప్పుడు టికెట్ సంగతికి వద్దాం. ఏడాదిలో పదో వంతు రోజులు, అంటే 180 రోజుల బడిలో 18 రోజులు, రాకపోతే ఆ పిల్లను దీర్ఘకాల గైర్హాజరు కింద లెక్కిస్తారు. కోవిడ్‌కు ముందు 15 శాతం ఉన్న అలాంటి పిల్లలు 2021-22లో 28 శాతానికి చేరడంతో బడులన్నీ బెంబేలెత్తాయి. టెక్సస్ చట్టం 90 శాతం హాజరు ఉండాలంటుంది. డిసెంబరులో ఒక వారం ముందు బయల్దేరి, జనవరిలో సంక్రాంతి చూసుకుని వారం ఆలస్యంగా దిగితే పది రోజులు అక్కడే పోయాయి. మిగిలిన ఏడాదిలో ఒక జ్వరం, ఒక జలుబు చాలు ఆ 18 దగ్గరికి తీసుకెళ్లడానికి. ఏడాది మధ్యలో రీడింగు స్థాయి చూసే పరీక్షలు కూడా చాలా బడుల్లో సెలవులకు కాస్త ముందో వెనకో పడతాయి. పిల్లకు ఎక్కడ సాయం కావాలో టీచరుకు తెలిసేది వాటితోనే.

తాత, అమ్మమ్మల దగ్గర గడిపే రోజులకు వెల కట్టలేం. తెలుగు వినడం, వాకిట్లో ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడవడం, భోగి మంట దగ్గర నిలబడడం ఏ బడీ నేర్పలేని చదువే. కుటుంబంలో అనారోగ్యమో, పెళ్లో ఉంటే వెళ్లక తప్పదు కూడా. అవేవీ లేకుండా, "అక్కడ ఏం జరగదులే" అన్న ఒక్క నమ్మకంతో వారం కోసేయడం మాత్రం తప్పు లెక్క. అన్ని తరగతులూ డిసెంబరును ఇంత బాగా నడుపుతాయని కాదు. వర్క్‌షీట్లతో, వీడియోలతో రోజులు దొర్లించే గదులూ ఉంటాయి. ఏది ఎలాంటి గదో తెలుసుకోవాలంటే టీచర్ పంపే వారపు ఉత్తరం చదవాలి, ఫోల్డర్ తెరవాలి, ఒకసారి వెళ్లి చూడాలి. బాగా నడిచే తరగతిలో సెలవుల ముందు వారం, పిల్ల ఆగస్టు నుంచి నేర్చుకున్నవన్నీ పనిలోకి దిగే వారం. మాటలు ఉత్తరానికి, ఎక్కాలు వంటకు, భిన్నాలు మంచుపువ్వుకు, చదవడం పండగకు పనికొచ్చాయని పిల్ల తన కళ్లతో చూసుకునేది అప్పుడే.

కాబట్టి థర్డ్ గ్రేడ్ పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. వీలైతే ప్రయాణం చివరి బడి గంట కొట్టాక పెట్టుకోండి. టికెట్ ధర తగ్గాలంటే నెలల ముందే కొనండి. తప్పనిసరై ముందే వెళ్లాల్సి వస్తే టీచరుతో ముందుగా మాట్లాడండి, ఆ వారం ఏం చేయబోతున్నారో అడిగి, రెండు పుస్తకాలు, ఒక కత్తెర, నాలుగు కాగితాలు పెట్టెలో పెట్టుకోండి. ఇక ఇక్కడున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు: పిల్ల దిగగానే ఎక్కాలు అడగకండి. ఆరు కొమ్మల మంచుపువ్వు ఎలా మడవాలో చూపించమనండి, తర్వాత మీరు సందు చుక్క ముగ్గు నేర్పండి. సెలవులు అయ్యాక ఆ ముగ్గు కాగితాన్ని టీచరుకు ఇమ్మని పిల్లకు చెప్పి పంపండి.